రాళ్ళకు దారిచ్చిన పొలం

నేనక్కడికి వెళ్ళడానికి ముందటి ఏడు వానల్లో మా అక్క పొలం దాకా కొండ దిగి వచ్చింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి మా అన్నయ్యలిద్దరిదీ ఒకటే మాట. ఆ నేల అమ్మేసి అక్కా బావా విజయనగరం వచ్చేయాలి. ఆ మాట వాళ్ళు చెబితే అక్క వినదు కాబట్టి నేను వెళ్ళి చెప్పాలి. నేను బడికి సెలవు పెట్టి భిలాయి బయల్దేరాను.

మా అన్నయ్యలు ఆ కొండను చూడలేదు. భిలాయి కూడా చూడలేదు. చూడని చోటు గురించి సలహా ఇవ్వడం ఎంత తేలికో వెళ్ళొచ్చాక నాకు అర్థమైంది. అందుకే వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చదివాక కూడా అమ్మేయమనే వాళ్ళుంటే, వాళ్ళు ఒక్కసారి వానాకాలంలో అక్కడికి వెళ్ళి ఆ మాట అక్కతోనే చెప్పాలి.

పేరు చూసి దిగాను

తొంభైల నడుమ మాట. ఛత్తీస్‌గఢ్ ఇంకా వేరే రాష్ట్రం కాలేదు. రాయగడ కొండల మీదుగా రాయపూర్ చేరి, అక్కడ బండి మారి, బోర్డు మీద ‘భిలాయి’ అన్న అక్షరాలు కనబడగానే సంచీతో సహా దిగిపోయాను. బండి కదిలాక చూస్తే పక్కన మూడంకె ఉంది. అది భిలాయి-3. మా బావ చెప్పిన స్టేషన్ ఇంకా ముందుంది.

వాన పడుతోంది. నా హిందీ విని కూలీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కూరగాయల సంచీతో పట్టాలు దాటుతున్న ఒకావిడ మాత్రం ఆగింది.

“ఏటమ్మా, తెలుగోలేనా?”

ఆవిడ పేరు మరియమ్మ. మామగారు పలాస నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఇప్పుడు భర్తదీ అదే ఉద్యోగం. తడిసి ఉన్నానని నన్ను క్వార్టర్‌కి తీసుకెళ్ళి తువ్వాలు ఇచ్చింది. వేడి పోహా పెట్టి, పైన సేవ్, అంటే సన్న కారప్పూస, చల్లి, పక్కన జిలేబీ ఉంచింది. కారం అటుకులతో తీపి జిలేబీ ఎలా తింటారో అనుకున్నాను. రెండో ముద్దకి అలవాటైపోయింది. మన వైపు అటుకులంటే కృష్ణాష్టమి. ఇక్కడ తెల్లారితే అవే.

వచ్చిన పని చెప్పాను. ఆవిడ చాయ్ వడపోసి గ్లాసు నా ముందు పెట్టింది.

“మా మాంగారికి కూడా అలాగే సెప్పేవోరంట, ఊరొచ్చీమని. ఆయన సమాధి ఈ పట్టాల అవతలే ఉంది,” అంది. “మీ అక్కగారు ఇంటారో ఇనరో గాని, ముందు ఆవిడ సెప్పింది మీరు ఇనండమ్మా.”

నన్ను ఆటో ఎక్కించి, డ్రైవరుతో గట్టిగా హిందీలో బేరమాడింది. నేను డబ్బు తీస్తే డ్రైవరుకిమ్మని చూపించింది గాని తను మాత్రం నా దగ్గర ఏమీ తీసుకోలేదు.

కోహ్కాలో బావ

అక్కావాళ్ళ ఇల్లు కోహ్కాలో. భిలాయిలో స్టీలు ప్లాంటు కట్టిన సెక్టార్లలో రోడ్లు గీత గీసినట్టుంటాయి. కోహ్కాలో మాత్రం ఎవరికి వీలైనట్టు వాళ్ళు కట్టుకున్న ఇళ్ళు. ఒక పక్క బొబ్బిలి వాళ్ళు, ఇంకో పక్క బిహారు వాళ్ళు. అక్క ఇంట్లో లేదు. వానలు మొదలైతే బాలోద్ అవతల కొండ కింద పొలం దగ్గరే ఉంటుందట. బావ ఒక్కడే వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

బావ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి, ఆ పొగ దగ్గుతో రిటైరయ్యాడు. కొలిమి నోరు తెరిస్తే కరిగిన ఇనుము కాలవల్లో పారుతుంది. ఇసుకా మట్టీ కొట్టి ఆ కాలవలు కట్టడం, అడ్డం పెట్టి ఇనుమునొక వైపూ దాని మీద తేలే చిట్టెం మడ్డినొక వైపూ మలపడం ఆయన ముప్పై ఏళ్ళ పని. ఆ పని గర్వం మాటలో ఎప్పుడూ ఉండేది. ఈసారి లేదు.

“ఇనుమునే మలిపినోడిని, ఈ బురద నీలేటి లెక్క అనుకున్నాను,” అన్నాడు. “కొండ గాడి మన సేలోకి దిగిన కాడ సిమెంటు గోడ కట్టించీసినాను. తిన్నగా, ఎత్తుగా. రాలొచ్చి దాన్ని గుద్దుకున్నాయి. గోడ ఆగింది. అవే ఆగలేదు. గోడ ఎంబడి పక్కకి తిరిగి ఊర్లోకి ఎల్లిపోయినాయి.”

ఊరంటే కొండ కింద ఉన్న చిన్న పల్లె, డోంగ్రీపారా. ఆ రాళ్ళు ఫూల్‌బాయి అనే ఆవిడ ఇంటి గోడను పడగొట్టాయి. కట్టేసి ఉన్న ఎడ్లజత బురద కింద చచ్చిపోయింది. మనుషులు పొలాల్లో ఉండబట్టి బతికారు. ఆ రోజు నుంచి బావ అక్కడికి వెళ్ళలేదు.

“కొంటానికి ఒకడున్నాడు. కంకర మిషను పెడతాడంట. ఇచ్చీమంటే మీ అక్క ఇనదు. నువ్వైనా సెప్పు.”

వాళ్ళమ్మాయి సునీత చాయ్ కప్పులు తీస్తూ మధ్యలో అందుకుంది. “పిన్నీ, మమ్మీ కో సమఝానా బేకార్ హై. మీ ఎనర్జీ వేస్ట్.” అమ్మకి నచ్చజెప్పడం దండగట. ఈ పిల్ల పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగు వాక్యం మొదలుపెడితే హిందీలో తేలుతుంది. నవ్వుతూనే అంది గాని, తల్లి గురించి చెప్పేటప్పుడు దాని గొంతులో కొంచెం గొప్ప కూడా వినబడింది.

గాడి పైకి పాకుతుంది

మర్నాడు బాలోద్ మీదుగా బస్సు. ఎర్రమట్టి, పచ్చని పొలాలు, దూరంగా తడిసిన ఇటుక రంగు కొండలు. రోడ్డు మీద దిగేసరికి అక్క ఎదురుగా ఉంది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, నెత్తిన చుట్టకుదురు, దాని మీద మట్టీ రాళ్ళూ మోసే ఇనప గమేలా. యాభై దాటిన మా అక్క అంత గట్టిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

“ఏటే, అన్నయ్యలు సెప్పమన్నారని వచ్చీసేవా?” అంది. నేనింకా నోరు తెరవలేదు. “సెప్దువుగాని. ముందు కొండెక్కు.”

సంచీ గుడిసెలో పడేసి ఆవిడ వెనకాల గాడిలోకి దిగాను. కొండ వాలు మీద నీళ్ళు కోసిన లోతైన చీలిక అది. కింద మా ఇంటి నడవంత వెడల్పు ఉంది. రెండు వైపులా ఎర్రటి ఒడ్డు నా తల కంటే ఎత్తు. అడుగున గుమ్మడికాయంత రాళ్ళు, రోలంత రాళ్ళు. కొన్ని చోట్ల బండి అంత బండలు. నేను బడిలో పిల్లలకు నేలకోత పాఠం చెప్పేదాన్ని. పుస్తకంలో అది రెండు పేరాలు. ఇక్కడ దాని లోపల నడుస్తుంటే ఆకాశం సన్నగా కనబడింది.

అక్క ఆగి ఆగి చూపించింది. ఒకప్పుడు కట్టెల బళ్ళు కొండ మీంచి తిన్నగా కిందికి దిగేవి. చక్రాల జాడల్లో వాననీరు పారింది. పైన చెట్లు పల్చబడ్డాక నీటి ఉరవడి పెరిగింది. జాడ లోతైంది, లోతైనకొద్దీ చుట్టూ ఉన్న నీరంతా దాంట్లోకే వచ్చింది. అలా చెబుతూ గాడి మొదటి దాకా తీసుకెళ్ళింది. అక్కడ పచ్చటి నేల ఉన్నట్టుండి తెగిపోయింది. పై నుంచి పడే నీళ్ళు కింద గొయ్యి తవ్వుతాయి. గొయ్యి లోపలికి పోయి అంచు కింద డొల్ల చేస్తుంది. డొల్ల మీది మట్టి విరిగి పడుతుంది. మళ్ళీ కొత్త అంచు, మళ్ళీ డొల్ల.

“నీరేమో కిందికి పారతాది, గాడేమో పైకి పాకతాది,” అంది అక్క. “కింద గోడ కట్టి కూకుంటే దీనికేటి లెక్క? ఇక్కడ, దీని మొదట్లో కట్టాల.”

ఒడ్డుల నుంచి విరిగిపడిన మట్టీ రాళ్ళూ గాడిలో ఏళ్ళ తరబడి పేరుకుంటాయి. మామూలు వాన వాటిని కదపదు. నేల బాగా నానాక ఒక పెద్ద వాన పడితే మొత్తం ఒకేసారి లేచి వస్తుంది. అప్పుడది నీళ్ళలో కొట్టుకొచ్చే రాళ్ళ లాగా ఉండదు. రాళ్ళలో కొంచెం నీళ్ళు కలిసినట్టుంటుంది. కలిపిన కాంక్రీటులా చిక్కగా దిగుతుంది. గాడి దానికి రెండు వైపులా గోడలు పట్టి దారి చూపిస్తుంది.

పల్లె ఆడవాళ్ళూ అక్కా కలిసి ఆ గాడి పొడుగునా చిన్న చిన్న రాతికట్టలు పేర్చారు. సిమెంటు లేదు. నడుము ఎత్తు కూడా లేవు. నడుమ కాస్త పల్లం, రెండు కొసలూ ఎత్తుగా ఒడ్డులోకి దూర్చి ఉన్నాయి. నీరు నడుమ నుంచే దూకాలి, పక్కలు కోయకూడదు. దూకిన చోట గొయ్యి పడకుండా కింద మళ్ళీ బల్లపరుపు రాళ్ళు. కట్ట వెనక మట్టి నిండిన చోటల్లా లొట్టపీసు కొమ్మలు గుచ్చారు. దాన్నిక్కడ బేషరమ్ అంటారు, అంటే సిగ్గులేనిది. కొట్టినా తొక్కినా మళ్ళీ మొలుస్తుంది.

కింద బావ కట్టించిన సిమెంటు గోడ మాత్రం లేదు. అక్క దాన్ని సుత్తెలతో కొట్టించేసింది. గాడి నోరు ఇప్పుడు నేరుగా అక్క పొలంలోకే తెరుచుకుని ఉంది.

గట్టు మీద కూర్చుని అన్నయ్యల మాట చెప్పాను. అక్క చివరి దాకా విన్నది.

“అమ్మీడం నాకేటి కష్టమే? కొన్నోడు ఊరుకుంటాడా, మిషను కాపాడుకోడానికి మల్లీ గోడ కట్టీస్తాడు. గోడ కడితే రాలెటెల్తాయి? ఫూల్‌బాయి ఇంటి మీదకి. ఓపాలి ఎల్లినాయి. రెండోపాలి నేను పంపను.”

“మరి నీ పొలం మీదికి వస్తే?”

“రానీ. కట్టలు సగం ఆపితే సగం వస్తాయి. నా సేను ఎడల్పుగా ఉన్నాది. కొండ దిగినాక వాటికి పరుసుకోడానికి సోటుంటే ఊపు సచ్చిపోతాది. ఊర్లో ఆ సోటు లేదు, నా కాడ ఉన్నాది.”

అన్నయ్యల మాట అక్కడితో చెప్పడం అయిపోయింది. మళ్ళీ ఎత్తలేదు.

నాగలి పట్టని రోజు

మర్నాడు అమావాస్య. మనకి ఆషాఢం చివర, చుక్కల అమావాస్య. వాళ్ళకి అప్పటికే శ్రావణం సగం గడిచింది. ఆ రోజు హరేలీ పండగ. నాగళ్ళూ పారలూ కొడవళ్ళూ కడిగి వరసగా పెట్టి పూజ చేస్తారు. గుమ్మాలకు వేపకొమ్మలు గుచ్చుతారు. కమ్మరి వచ్చి ద్వారబంధానికి ఇనప మేకు కొట్టి వెళ్తాడు. మన దసరా ఆయుధపూజ పొలానికి వచ్చినట్టుంది.

ఫూల్‌బాయి ఇంట్లో తిన్నాను. పడిన గోడను కొత్తగా కట్టుకుని అలికింది. ఆవిడకి నలభై ఉంటాయేమో. బియ్యప్పిండితో చేసిన చీలా మన అట్టుకి అక్క వరస. మధ్యాహ్నానికి బాసీ, అంటే రాత్రి నీళ్ళలో నానేసిన అన్నం. పచ్చి ఉల్లిపాయా ఆకుకూరా నంజుకోవాలి. మా అమ్మ పెట్టే చద్దన్నం గుర్తొచ్చింది. పుల్లదనం ఒక్కటే తేడా, ఇక్కడ తక్కువ.

పండగనాడు గెడీలు, అంటే పొడుగాటి వెదురు కర్రకాళ్ళు, ఎక్కి నడుస్తారు. పెద్దవాళ్ళు కూడా. నన్నూ ఎక్కమన్నారు. రెండడుగులు వేసి బురదలో వెనక్కి పడ్డాను. చీరంతా ఎర్రమట్టి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫూల్‌బాయి మాత్రం నవ్వకుండా చెయ్యి పట్టి లేపి, నా చీర తనే ఉతికి పెట్టింది. ఆ మరక విజయనగరం దాకా వచ్చింది.

ఆవిడే నాతో ఒక ప్రభుత్వాధికారి సంగతి చెప్పింది. వేసవిలో జీపులో వచ్చి, ఈ పల్లె ప్రమాదంలో ఉంది, ఖాళీ చేయాలన్నాడట. ఎక్కడికి అని అడిగితే అది తర్వాత చెబుతామన్నాడట.

“హమన్ కహాఁ జాబో, దీదీ?” అంది ఫూల్‌బాయి. మేమెక్కడికి పోతాం అని. అలా అడుగుతున్నా ఆవిడ గొంతులో బెంగ లేదు. “రాళ్ళు దారి తప్పి వచ్చాయి. వాటి దారి వాటికి చూపిస్తాం. మేం కదలం.”

మధ్యాహ్నం నుంచి సన్నగా మొదలైన వాన వదల్లేదు. పండగనాడు నాగలి పట్టకూడదు. కానీ పూజ అయిన ఆడవాళ్ళంతా గాడి ఎక్కడం మొదలుపెట్టారు. ఇవాళ పని చేయవచ్చా అని అడిగాను. నాగలి ముట్టుకోవద్దన్నారు గాని రాయి ముట్టుకోవద్దని ఎవరూ అనలేదంది ఫూల్‌బాయి. నేనూ ఎక్కాను. చేతులు మార్చుకుంటూ రాళ్ళందించాను. గోళ్ళు రెండు చితికాయి. అన్నయ్యల తరఫున వచ్చినదాన్నన్న సంగతి అప్పటికే మర్చిపోయాను.

నీళ్ళు తగ్గిన మధ్యాహ్నం

వాన ఆగకుండా కురుస్తూనే ఉంది. పండగ అయిన మూడో రోజు మధ్యాహ్నం అక్కా నేనూ గుడిసె చూరు కింద కూర్చుని ఉన్నాం. గాడిలో ఎర్రనీళ్ళు దుముకుతున్న చప్పుడు పొద్దుట్నుంచీ వినబడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు తగ్గింది. వాన మాత్రం తగ్గలేదు. నాకు హాయిగా అనిపించింది. అక్క లేచి నిలబడింది.

“వానుంది, నీరు లేదు. పైన ఎక్కడో ఆగీసింది. నడు.”

పైన ఒడ్డు విరిగి గాడికి అడ్డం పడితే నీరు దాని వెనక నిండుతుంది. అది తెగితే మొత్తం ఒక్కసారే వస్తుంది. అక్క గమేలాని రాయితో కొడుతూ పల్లె వైపు పరుగెత్తింది. నేను వెనకాల. కిందికి పోవద్దు, పక్క గట్టు ఎక్కండి అని హిందీలో, తెలుగులో, వాళ్ళ భాషలో అరిచింది. ఫూల్‌బాయి ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళను బయటికి లాగింది. పశువుల తాళ్ళు కోసేశారు. ఎవరూ సామాన్ల కోసం వెనక్కి వెళ్ళకుండా ఫూల్‌బాయి వీధి మొగలో కర్ర పట్టుకుని నిలబడింది.

గట్టు మీదికి చేరాక ముందు వాసన వచ్చింది. తవ్విన బావి దగ్గర వచ్చే పచ్చిమట్టి వాసన. తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. అప్పుడు గాడి నోట్లోంచి వచ్చింది. ముందు నీళ్ళు లేవు. ముందంతా బండలే, ఒకదాన్నొకటి తోసుకుంటూ. వాటి వెనక చిక్కటి ఎర్ర బురద, అందులో వేళ్ళతో సహా చెట్లు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

మునుపు గోడ ఉన్న చోటికి వచ్చింది. అక్కడ గోడ లేదు. అది పక్కకి తిరగలేదు. తిన్నగా అక్క పొలంలోకి దిగి, విసనకర్ర విప్పినట్టు పరుచుకుంది. పెద్ద బండలు ముందు ఆగిపోయాయి. వాటి వెనక చిన్నవి ఆగాయి. బురద ఒక్కటే పల్చబడి పాకుతూ పల్లె అంచు దాకా వెళ్ళింది. ఒక పశువుల పాక కూలింది. గడపల ముందు మోకాలెత్తు బురద నిలిచింది. ఇళ్ళు నిలిచాయి. ఎడ్లు గట్టు మీద మా పక్కనే నిలబడి ఉన్నాయి.

అక్క పచ్చటి చేను ఎక్కడుందో తెలియలేదు. ఆవిడ చాలాసేపు అటే చూసింది. తర్వాత కూలబడి ఏడ్చింది. ఫూల్‌బాయి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

నాటు

వాన తెరిపిచ్చాక గాడి ఎక్కి చూశాం. కింది కట్టలు చాలా కొట్టుకుపోయాయి. పైవి నిలిచాయి. ఒక్కోదాని వెనక కట్ట నిండా రాళ్ళు. అవి కూడా దిగి వచ్చి ఉంటే పల్లె మిగిలేది కాదని తెలుస్తూనే ఉంది.

కబురంది బావ బస్సులో వచ్చాడు. రోడ్డు మీదే ఆగి రాళ్ళతో నిండిన పొలాన్ని చూశాడు.

“అంతా పోయిందేటి?”

“సేను పోయింది. ఊరుంది,” అంది అక్క.

బావ పల్లెలోకి అడుగు పెట్టలేక నిలబడిపోయాడు. ఫూల్‌బాయి తనే ఎదురొచ్చింది. చేతిలో మంచినీళ్ళ చెంబు. “బైఠవ్, భాటో,” అంది. కూర్చోమని. భాటో అంటే వాళ్ళ భాషలో బావ. అక్కను దీదీ అన్నాక ఈయన ఆవిడకి బావే కదా. మా బావ ఆ చెంబు అందుకుని తాగలేక ముఖం కడుక్కున్నాడు. మధ్యాహ్నానికి ఒక గమేలా ఎత్తుకుని, దగ్గుతూనే గాడి ఎక్కాడు. ఎవరూ వద్దనలేదు.

బండలు కదల్చడం ఎవరి వల్లా కాదు. కానీ పొలం కింది కొసన రాళ్ళు లేవు, బురద ఒక్కటే ఉంది. కొండ అడవి మట్టి, మెత్తగా నల్లెరుపు రంగులో. పల్లె వాళ్ళు తమ మళ్ళలోంచి నారు తీసి తెచ్చారు. అడక్కుండానే తెచ్చారు. మేమందరం ఆ బురదలోకి దిగాం.

నాలుగు వరసలు పడ్డాయో లేదో జీపు వచ్చింది. వేసవిలో వచ్చిన అధికారే. నష్టం రాసుకోవడానికి వచ్చాడు. ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ చూసి హిందీలో, ఇది ఇక పొలం కాదు, పనికిరాని రాళ్ళ నేల అని రాయాల్సి ఉంటుందన్నాడు. పల్లె కూడా ఇక్కడ ఉండటం మంచిది కాదన్నాడు. ఆయన మాటలో దురుసు లేదు. కాగితం మీద ఉన్నది చెబుతున్నాడు.

అక్క నడుం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వరస ముందుకు కదిలి ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చింది.

“సాహెబ్,” అంది ఫూల్‌బాయి, చేతిలో నారుకట్ట పట్టుకుని. “గోడ్ ల హటావవ్. రోపా లగానా హే.”

కాలు తీయండి, నాటు వేయాలి అని.

ఆయన కాలు తీశాడు. ఆ గుంటలో నీళ్ళు నిండకముందే ఆవిడ అక్కడ నారు గుచ్చి, పక్క మొక్కకి వంగింది.